ఉద్యోగి సొంత వస్తువుల నష్టం: ప్రభుత్వ బాధ్యత ఎంతవరకు?

బదిలీపై వెళ్తున్న ఉద్యోగి ఇంటిసామాను దారిలో పగిలిపోయింది. లేదా ప్రభుత్వం ఇచ్చిన క్వార్టర్లు కాలిపోయి బట్టలు, పుస్తకాలు బూడిదయ్యాయి. ఆ నష్టాన్ని ఎవరు భరించాలి? వస్తువు ఉద్యోగిదే. కాని అది అక్కడ ఉండడానికి కారణం ప్రభుత్వం అప్పగించిన పని. సిబ్బంది పాలనలో ఇది చిన్న ప్రశ్నగా కనిపించినా, నష్టపోయిన కుటుంబానికి చిన్నది కాదు.

దీనికి నేరుగా సమాధానం చెప్పిన చట్టాన్ని అమెరికా సంయుక్త రాష్ట్రాలు 1964 ఆగస్టులో చేశాయి. సైనికులకు, పౌర ఉద్యోగులకు ఇద్దరికీ అది వర్తిస్తుంది. ప్రభుత్వం తప్పు చేసిందని ఉద్యోగి రుజువు చేయనక్కరలేదు. నష్టం ఉద్యోగ నిర్వహణకు సంబంధించి జరిగిందని చూపితే చాలు. చట్టంలోని అసలు విశేషం ఇదే.

అంతమాత్రాన అడిగినవారందరికీ డబ్బు రాదు. నష్టానికి ఆధారాలుండాలి. ఆ పరిస్థితుల్లో ఆ వస్తువు ఉద్యోగి దగ్గర ఉండడం సమంజసమో ఉపయోగకరమో అని శాఖాధిపతి భావించాలి. విద్యార్థులు తికమకపడేది ఇక్కడే. క్వార్టర్లలో మంచం, బట్టలు, వంటసామాను ఉండడంలో వింత లేదు. అదే గదిలో అమ్మకానికి తెచ్చిన వజ్రాలు ఉన్నాయంటే, ఎందుకున్నాయని అధికారి అడుగుతాడు. మరో షరతు ఇంకా కఠినం: నష్టంలో ఏ కొంత భాగమైనా ఉద్యోగి అజాగ్రత్త వల్ల కలిగితే పరిహారం ఉండదు. సగం తప్పుకు సగం కోత అనే పద్ధతి ఇక్కడ లేదు. నా దృష్టిలో ఇది అవసరానికి మించిన కాఠిన్యం. అమెరికాలోనే సొంతంగా చూసుకున్న అద్దె ఇంట్లో జరిగిన నష్టం కూడా ఈ చట్టం కిందికి రాదు. ప్రభుత్వం కేటాయించిన ఇల్లయితేనే వస్తుంది.

గరిష్ఠ పరిమితి మొదట 6,500 డాలర్లు. 1988 నాటికి అది 40,000 డాలర్లకు చేరింది. అత్యవసరంగా ఖాళీ చేయించిన సందర్భాల్లో, అసాధారణ పరిస్థితుల్లో 1,00,000 డాలర్ల వరకు ఇవ్వవచ్చు. క్లెయిమును రెండేళ్లలోగా లిఖితపూర్వకంగా దాఖలు చేయాలి. యుద్ధకాలంలో సరైన కారణం ఉంటే ఈ గడువుకు సడలింపు ఉంది. శాఖ నిర్ణయమే అంతిమం. న్యాయవాది ఫీజు చెల్లించిన మొత్తంలో 10 శాతం మించరాదు.

అదే 1964 సెప్టెంబరులో మన సుప్రీంకోర్టు కస్తూరిలాల్ కేసులో తీర్పు చెప్పింది. ఇక్కడ నష్టపోయినది ఉద్యోగి కాదు, వ్యాపారి. మీరట్ పోలీసులు స్వాధీనం చేసుకున్న బంగారాన్ని ఒక హెడ్ కానిస్టేబులు తీసుకొని పాకిస్తాన్‌కు పారిపోయాడు. పోలీసుల అజాగ్రత్త తేలినా, అది సార్వభౌమాధికార విధి గనుక రాజ్యం బాధ్యురాలు కాదన్నారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. అమెరికా చట్టం తప్పెవరిది, విధి ఏ రకానిది అనే వాదాన్నే పక్కకు పెట్టింది. మన కేసు ఆ వాదం మీదే తేలిపోయింది. శాసనసభలు తగిన చట్టం చేయాలని ఆ తీర్పులోనే సూచించారు. 1965లోనూ 1967లోనూ లోక్‌సభ ముందుకు వచ్చిన బిల్లులు చట్టం కాలేదు.