తోడుంటే సగం భారం తీరినట్లే!

క్యాన్సర్ చికిత్స కాలంలో జీవిత భాగస్వామి తెలుసుకోవలసిన అంశాలు

తనకల్లు: నంబులపూలకుంట మండలంలోని తిమ్మమ్మ మర్రిమాను తనకల్లు వాసులకు కొత్త కాదు. ఐదెకరాలకు పైగా విస్తరించి, 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కిన ఆ మహావృక్షంతో ఒక ఇల్లాలి కథ ముడిపడి ఉంది. వ్యాధిగ్రస్తుడై వెలివేతకు గురైన భర్త బాలవీరయ్యకు తిమ్మమ్మ తుదివరకు సేవ చేసి, అనంతరం చితి ప్రవేశం చేసిందని, ఆ చోటనే మర్రి మొలిచిందని తరతరాలుగా చెప్పుకుంటారు. ఆమె సేవాభావం నేటికీ వందనీయమే. అయితే కాలం మారింది. నాడు చికిత్స లేదు, నేడు ఉంది. తొలిదశలో గుర్తిస్తే అనేక రకాల క్యాన్సర్లు నయమవుతున్నాయి. కనుక నేటి భార్య లేదా భర్త చేయవలసినది రోగితోపాటు తానూ కుంగిపోవడం కాదు. రోగిని చికిత్స చివరి రోజు వరకు నడిపించడం, అంతవరకు తాను నిలబడి ఉండడం.

ఆలస్యమే అసలు శత్రువు

మన దేశంలో పురుషుల్లో నోటి క్యాన్సర్, స్త్రీలలో రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు అధికంగా కనిపిస్తున్నాయి. మానని నోటి పుండు, రొమ్ములో గడ్డ, రుతుస్రావం ఆగిన తరువాత మళ్లీ రక్తం కనిపించడం వంటి లక్షణాలను మొదట గమనించేది రోగి, ఆ తరువాత జీవిత భాగస్వామే. స్త్రీలు సిగ్గుతో, ఖర్చు భయంతో నెలల తరబడి దాచుకోవడం పల్లెల్లో సర్వసాధారణం. ‘కోతలయ్యాక చూద్దాంలే’ అన్న మాట ప్రాణాల మీదికి తెస్తుంది. అనుమానం కలిగిన వెంటనే భర్తే చొరవ చూపి పరీక్షకు తీసుకువెళ్లాలి.

వ్యాధి నిర్ధారణకు ముక్క పరీక్ష, అనగా బయాప్సీ కీలకం. ముక్క తీస్తే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందన్నది అపోహ మాత్రమే. ఈ భయంతో పరీక్ష మానివేసి, నాటు మందులతో గడిపిన కాలం తిరిగి రాదు.

ఎక్కడికి వెళ్లాలి?

సరిహద్దు మండలం కావడంతో తనకల్లు ప్రాంత రోగులకు బెంగళూరు చేరువ. అక్కడి హోసూరు రోడ్డులోని కిద్వాయి స్మారక క్యాన్సర్ సంస్థ 1973లో ప్రారంభమైంది. 1980లో ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రంగా గుర్తింపు పొందింది. తిరుపతిలో టాటా ట్రస్టుల సహకారంతో నిర్మించిన శ్రీవేంకటేశ్వర క్యాన్సర్ సంస్థ 2022 మే నెలలో ప్రారంభమైంది. కదిరి మీదుగా వెళ్లే ధర్మవరం - పాకాల రైలు మార్గం తిరుపతి ప్రయాణానికి అనుకూలం. హైదరాబాద్‌లోని బసవతారకం ఆసుపత్రి వెనుకనూ ఒక దంపతుల కథ ఉంది. క్యాన్సర్‌తో 1985లో మరణించిన సతీమణి బసవతారకం పేరిట ఆసుపత్రి నిర్మించాలని ఎన్.టి.రామారావు సంకల్పించారు. ఆయన మరణానంతరం 2000 జూన్ 22న నాటి ప్రధాని వాజ్‌పేయి దానిని ప్రారంభించారు.

కాగితాలు భద్రం

పేద కుటుంబాలకు కొండంత అండ ఆరోగ్యశ్రీ. 2007 ఏప్రిల్ 1న ఈ పథకం తొలిగా ప్రారంభమైన మూడు జిల్లాల్లో అప్పటి అనంతపురం జిల్లా ఒకటి. ప్రస్తుతం డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో అమలవుతున్న ఈ పథకంలో క్యాన్సర్ శస్త్రచికిత్స, కీమోథెరపీ, రేడియేషన్ చికిత్సలు ఉన్నాయి. 2019 నవంబరులో బెంగళూరు, చెన్నై, హైదరాబాద్‌లలోని కొన్ని ఆసుపత్రులకూ దీనిని విస్తరించారు. అయితే ప్రతి ఆసుపత్రీ, ప్రతి చికిత్సా పథకం పరిధిలో ఉండదు. కనుక సొమ్ము చెల్లించక మునుపే 104 నంబరుకు ఫోను చేసి గానీ, ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి గానీ విచారించుకోవాలి. పథకంలో లేని చికిత్సకు ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఇందుకు అసలు బిల్లులను జాగ్రత్తపరచాలి.

బయాప్సీ నివేదిక, స్కానింగ్ చిత్రాలు, డిశ్చార్జి పత్రాలు, ఆధార్, రేషన్ కార్డు నకళ్లు ఒకే సంచిలో తేదీల వరుసన ఉంచాలి. ఆసుపత్రి మారవలసి వస్తే బయాప్సీ స్లైడులు, బ్లాకులు అడిగి తీసుకోవాలి. లేకుంటే మళ్లీ మొదటికి వస్తుంది. చికిత్స నిమిత్తం ప్రయాణించే క్యాన్సర్ రోగికి, వెంట వెళ్లే ఒకరికి రైలు చార్జీలో రాయితీ ఉంది. స్లీపర్, థర్డ్ ఏసీ తరగతుల్లో రోగికి పూర్తిగా, సహాయకునికి 75 శాతం మినహాయిస్తారు. ఇందుకు ఆసుపత్రి ఇచ్చే ధ్రువపత్రం అవసరం.

జ్వరం వస్తే తెల్లవారేదాకా ఆగరాదు

కీమోథెరపీని సాధారణంగా విడతలుగా, చాలా సందర్భాల్లో మూడు వారాలకొకసారి ఇస్తారు. మందు ఎక్కించిన సుమారు 7 నుంచి 14 రోజుల మధ్య రక్తంలోని తెల్ల కణాలు బాగా తగ్గి, రోగనిరోధక శక్తి క్షీణిస్తుంది. ఆ రోజుల్లో 100.4 డిగ్రీలు, అంతకు మించి జ్వరం వస్తే అత్యవసర పరిస్థితిగా భావించాలి. ఊళ్లో సూది వేయించి, మాత్ర మింగించి చూద్దామనుకోరాదు. అర్ధరాత్రి అయినా చికిత్స చేస్తున్న ఆసుపత్రికి ఫోను చేయాలి. అవసరమైతే 108 వాహనం పిలిపించి పెద్దాసుపత్రికి చేర్చాలి. ఇంట్లో జ్వరం కొలిచే థర్మామీటరు, గోడ మీద ఆసుపత్రి ఫోను నంబరు తప్పక ఉండాలి.

నోరు పూస్తే ఉప్పు కలిపిన గోరువెచ్చని నీటితో పుక్కిలించాలి. కారం తగ్గించి, మెత్తని రాగి సంగటి, పప్పు, పెరుగన్నం, బాగా ఉడికించిన గుడ్డు కొద్దికొద్దిగా పలుమార్లు పెట్టాలి. నీటిని కాచి చల్లార్చి ఇవ్వాలి. ఆకు పసర్లు, చూర్ణాలు వాడదలిస్తే ముందుగా వైద్యునికి చెప్పాలి. కొన్ని మందులతో అవి పొసగవు.

కంచం వేరు చేయవద్దు

క్యాన్సర్ అంటువ్యాధి కాదు. కలిసి భుజించినా, ఒకే పక్క మీద నిద్రించినా సోకదు. రోగికి వేరే కంచం, వేరే గది కేటాయించడం శరీర బాధకు మించిన బాధ. కీమో ఇచ్చిన తరువాత సుమారు రెండు రోజులు మాత్రం వాంతులు, మలమూత్రాలు శుభ్రం చేసేటపుడు చేతులకు తొడుగులు ధరించాలి. రాలిన జుట్టు చికిత్స ముగిశాక సాధారణంగా తిరిగి వస్తుంది. అంతవరకు ఆమెను అద్దం ముందు ఒంటరిగా విడువని భర్త మాట ఏ మందుకూ తీసిపోదు.

విత్తనం పనులు - చికిత్స తేదీలు

మన ప్రాంతంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. జూన్, జూలై నెలల్లో నాలుగు చినుకులు పడితే వేరుశనగ విత్తాలి. అదను తప్పితే ఏడాది బతుకు తప్పినట్లే. ఆ ఒత్తిడిలో ‘ఈ ఒక్క విడత ఆపుదాం’ అనిపిస్తుంది. కానీ రేడియేషన్‌ను వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలు ఎడతెగకుండా ఇవ్వాలి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో మొత్తం రేడియేషన్ చికిత్స ఎనిమిది వారాల్లోగా ముగియాలని, జాప్యమైతే నయమయ్యే అవకాశం తగ్గుతుందని వైద్యశాస్త్రం చెబుతోంది. పంటకు అదను ఎంతో, చికిత్సకూ అదను అంతే. కనుక తేదీలు ఖరారు కాగానే అన్నదమ్ములను, బావమరుదులను, ఇరుగుపొరుగును కూర్చోబెట్టి, సేద్యం ఎవరు చూస్తారో, పశువులకు మేత ఎవరు వేస్తారో, పిల్లలను బడికి ఎవరు పంపుతారో ముందే పంచుకోవాలి. అవసరమైతే ఒక పంట కౌలుకు ఇవ్వడం నామోషీ కాదు.

సేవ చేసేవారికీ సేద కావాలి

నిద్ర లేక, వేళకు తిండి లేక, కూలి పోయి, అప్పు పెరిగి మౌనంగా కుమిలిపోయేది తోడున్న మనిషే. ఆ వేదనను మద్యంలో ముంచే భర్తలు, ఎవరికీ చెప్పుకోలేని భార్యలు ఉన్నారు. వారానికి ఒక పూటైనా ఆ బాధ్యతను మరొకరు అందుకోవాలి. మనసు భారమైతే 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ ఉచిత సేవ 14416 నంబరులో తెలుగులోనూ మాట్లాడుతుంది.

చికిత్స ముగిశాక

చివరి విడతతో అంతా ముగిసిందనుకోరాదు. నీరసం నెలల తరబడి ఉండవచ్చు. ‘చికిత్స అయిపోయిందిగా, ఇంకా పడకేమిటి’ అనడం తగదు. రొమ్ము శస్త్రచికిత్స అయిన వారు వైద్యులు చెప్పిన చేతి వ్యాయామాలు మానరాదు. చేయి వాచితే చూపించాలి. నోటి క్యాన్సర్ నుంచి కోలుకున్న వారి ఇంట గుట్కా, బీడీ కనిపించరాదు. భార్యాభర్తల సాన్నిహిత్యంలో వచ్చే మార్పులను సిగ్గుపడక వైద్యునితో చర్చించాలి. తొలి రెండేళ్లు కొన్ని నెలలకొకసారి జరిగే పరీక్షలకు తప్పక హాజరు కావాలి.

అన్ని కథలూ విజయంతో ముగియవు. వ్యాధి ముదిరినా నొప్పిని భరించవలసిన పని లేదు. మార్ఫిన్ వంటి మందులతో ఉపశమనం కలిగించే వైద్య విభాగాలున్నాయి. వాటి కోసం అడగడం రోగి తోడుగా ఉన్నవారి హక్కు, బాధ్యత. ఏ దశలోనైనా రోగి కోరేది ఒక్కటే. ఆసుపత్రి వరండాలో పేరు పిలిచినపుడు తనతో పాటు లేచి నిలబడే మనిషి పక్కన ఉండడం.