నాలుగు ఛాయల్లో నింజా తాబేళ్లు

1989 ఏప్రిల్ 21న నింటెండో సంస్థ జపాన్‌లో విడుదల చేసిన గేమ్ బాయ్, చేతిలో పట్టుకొని ఆడే వీడియో గేమ్ యంత్రాల్లో మొదటిది కాకపోయినా, ఆటను చిప్‌లో భద్రపరచిన కార్ట్రిడ్జ్ అనే చిన్న బిళ్లను మార్చుకుంటూ ఎన్ని ఆటలైనా ఆడే పద్ధతిని ప్రపంచమంతటా స్థిరపరచింది. దాని రూపకల్పన బృందానికి నాయకుడైన గున్‌పెయ్ యొకోయ్, చవకబడి, బాగా తెలిసిపోయిన సాంకేతికతను కొత్త ప్రయోజనానికి మళ్లించాలని నమ్మినవారు. అందువల్లనే రంగుల తెరలున్న అటారీ లింక్స్, సెగా గేమ్ గేర్ ఆరేసి సెల్లను కొద్ది గంటల్లో తినేస్తుండగా, వెనుక దీపం లేని గేమ్ బాయ్ నాలుగు పెన్సిల్ సెల్లతో పది గంటలకు పైగా నడిచేది.

ఈ పొదుపుకు మూల్యం తెర చెల్లించింది. 160 అడ్డ, 144 నిలువు పిక్సెళ్లున్న ఆ తెర చూపగలిగినవి నాలుగు ఛాయలే. బొమ్మలన్నీ 8×8 పిక్సెళ్ల గళ్లుగా చిప్‌లో ఉండేవి. ఒక్కో పిక్సెల్‌కు రెండు బిట్లు చొప్పున గడికి 16 బైట్లు సరిపోయేవి. స్ప్రైట్లు, అంటే నేపథ్యంతో సంబంధం లేకుండా కదిలే బొమ్మలు, నాలుగు విలువల్లో ఒకదాన్ని పారదర్శకతకు వదులుకోవడంతో వాటికి మూడు ఛాయలే మిగిలేవి. పైగా ఒకే అడ్డ వరుసలో పదికి మించి స్ప్రైట్లు కనిపించేవి కావు. ద్రవస్ఫటికాలు నెమ్మదిగా స్పందించేవి కనుక వేగంగా కదిలే బొమ్మ వెనుక మసక చార ఏర్పడేది.

కార్టూన్ ఆధారిత పోరాట ఆటలకు ఇది కఠిన పరీక్ష. కెవిన్ ఈస్ట్‌మన్, పీటర్ లెయిర్డ్ 1984లో కామిక్ పుస్తకంగా సృష్టించిన టీనేజ్ మ్యూటెంట్ నింజా టర్టిల్స్, 1987లో టెలివిజన్ కార్టూన్‌గా మారినప్పుడు, అందులోని నలుగురు నింజా తాబేళ్లనూ గుర్తుపట్టేందుకు లియొనార్డోకు నీలం, రాఫెల్‌కు ఎరుపు, డొనటెల్లోకు ఊదా, మైకెలాంజెలోకు నారింజ రంగు కళ్లపట్టీలు స్థిరపడ్డాయి. గేమ్ బాయ్ తెర మీద ఆ గుర్తులు మాయమై, నలుపు తెలుపు కామిక్‌లో వలెనే ఆయుధాన్ని బట్టి పోల్చుకోవలసి వచ్చింది. కొనామి సంస్థ 1990లో తెచ్చిన ‘ఫాల్ ఆఫ్ ది ఫుట్ క్లాన్’లో, నలుగురిలో ఎవరిని ఎంచుకున్నా ఆట తీరు దాదాపు ఒక్కటే.

అదే సంస్థ 1993లో తెచ్చిన ‘రాడికల్ రెస్క్యూ’ ఈ లోటును మూలంలోనే సరిదిద్దింది. ఒక్క మైకెలాంజెలోతో ఆట మొదలై, బందీలైన మిగతావారిని విడిపించిన కొద్దీ కొత్త శక్తులు చేతికొస్తాయి: మైకెలాంజెలో ఆయుధాన్ని తిప్పుతూ గాలిలో తేలుతాడు, లియొనార్డో నేలను తొలుస్తాడు, రాఫెల్ డిప్పలోకి ముడుచుకొని ఇరుకు దారుల్లో దూరుతాడు, డొనటెల్లో గోడలెక్కుతాడు. ముందు దాటలేక వదిలేసిన దారికి సరైన శక్తితో తిరిగి రావలసి ఉంటుంది కనుక, ఒక్కో పాత్రకూ రంగుతో పనిలేని వ్యక్తిత్వం ఏర్పడింది.

ఈ ధారావాహికలోని మూడు గేమ్ బాయ్ ఆటలూ 2022లో వచ్చిన ‘కవాబంగా కలెక్షన్’లో చేరి నేటి యంత్రాల మీద లభిస్తున్నాయి. వెలుగు నిండిన తెర మీద వాటిని చూసేవారు, పెద్ద బొమ్మలనూ ఖాళీ నేపథ్యాలనూ పేదరికంగా భావించక, మసక తెరకు తగిన నిర్ణయాలుగా గుర్తించడం న్యాయం. ఒక్క ఆటకే తీరిక ఉన్నవారు ‘రాడికల్ రెస్క్యూ’నే ఎంచుకోవాలి.