అటక దిగిన సామాను ఏ గూటికి చేరాలి?

"ఇల్లు చాలడం లేదండీ!" ఏ ఇల్లాలిని కదిపినా ఇదే మాట. రెండు గదులున్న ఆవిడా అదే అంటుంది, నాలుగు గదులున్న ఆవిడా అదే అంటుంది. నిజం చెప్పాలంటే చాలనిది ఇల్లు కాదు, మనం దాచిపెట్టే సామానే ఎక్కువ.

మా అత్తగారు పోయిన మరుసటి ఏడాది మేం పాత పెంకుటిల్లు వదిలి అపార్ట్‌మెంటులోకి మారాం. అటక మీది సామాను దించితే హాలంతా నిండిపోయింది. మూతల్లేని గిన్నెలు, గిన్నెల్లేని మూతలు, కుంపటి, గడ్డకట్టిన దూది పరుపులు, తిరగని మిక్సీ, మా అబ్బాయి చిన్నప్పటి మూడు చక్రాల సైకిలు, ఒకటనేమిటి!

ఆ తొందరలో నేనొక పొరపాటు చేశాను. మసిబారిన ఇత్తడి గుండిగ ఒకటి పాతసామాన్లతనికి కాటాకి వేసేశాను. సంక్రాంతికి మా ఆడపడుచు వచ్చి, "వదినా, అమ్మ గుండిగేదీ?" అంది. అమ్మేశానని చెప్పాను. "దాని మీద అమ్మ పేరు చెక్కించి ఉంటుంది, చూళ్ళేదా?" అని మరి మాట్లాడలేదు. నాలుగు మాటలన్నా బావుండేదనిపించింది. మర్నాడు మావారు ఆ కొట్టుకి వెళ్తే, ఇత్తడంతా కరిగించడానికి ఎప్పుడో వెళ్ళిపోయిందన్నారు.

అందుకే చెబుతున్నా. ఇల్లు ఖాళీ చేయడమంటే పారేయడం కాదు, ఒక్కో వస్తువుని దాని గూటికి పంపడం. దానికి నేను నేర్చుకున్న పద్ధతి ఇది.

ముందు అడగండి

సామానంతా ఒక్కరోజే దించకండి. రోజుకొక అలమర, లేదా ఒక పెట్టె చాలు. నాలుగు కుప్పలు పెట్టండి: మనం వాడేవి, మన వాళ్ళనడిగి తేల్చాల్సినవి, బయటవాళ్ళకి ఇచ్చేవి, ఎవరికీ పనికిరానివి. రెండో కుప్పని ఎవ్వరూ పెట్టరు, గొడవలన్నీ అక్కడే వస్తాయి. పెద్దవాళ్ళ వస్తువేదైనా సరే, ఆడపడుచులకీ తోటికోడళ్ళకీ ఒక్క ఫోన్ చేసి "ఇది కావాలా?" అని అడగండి. పిల్లల బొమ్మలైనా వాళ్ళకి చెప్పకుండా ఇవ్వకండి.

ఇత్తడి, కంచు

ఎంత నల్లబడ్డా సరే, చింతపండు, ఉప్పుతో ఒకసారి తోమి అంచూ అడుగూ చూడండి. మనవైపు గిన్నెలకి పేర్లు చెక్కించడం మామూలే కదా! ఇత్తడి గిన్నెలో పులుసు, చారు వండాలంటే లోపల కళాయి ఉండాలి. లేకపోతే పులుపు తగిలి చిలుమెక్కుతుంది. వాడుకోదలిస్తే కళాయి వేయించండి. అమ్మదలిస్తే ఒక్కరికే ఇచ్చేయకుండా ఇత్తడి కొట్టులో కూడా ధర కనుక్కోండి.

చీరలు, బట్టలు

పాత పట్టుచీరని స్టీలు గిన్నెకి మార్చేముందు జరీ చూసుకోండి. అసలు జరీలో పట్టుదారం మీద వెండి తీగ చుట్టి బంగారు పూత వేస్తారు. చీర చిరిగినా ఆ వెండికి విలువ ఉంటుంది. మెత్తబడ్డ నూలు చీరలు నాలుగు మడతలు వేసి కుడితే చక్కని బొంత అవుతుంది. దూది పరుపులు పారేయకండి, ఏకించి కొత్త గలేబు వేస్తే మళ్ళీ పరుపే.

ఇవ్వదలచిన బట్టలు ఉతికి, గుండీలు కుట్టి, మడతపెట్టి ఇవ్వండి. మనం కట్టుకోలేని చిరుగు చీర ఇంకొకరికి ఇవ్వడం దానం కాదు. 1999లో ఢిల్లీలో అంశు గుప్తాగారు మొదలుపెట్టిన గూంజ్ సంస్థ ఇలాంటి బట్టలే సేకరించి పల్లెలకి చేరవేస్తుంది. ఆయనకి 2015లో మెగసేసే అవార్డు వచ్చింది. ఊరికే పడేస్తున్నట్టు కాకుండా, అక్కడ పనిచేసినవాళ్ళకి ప్రతిఫలంగా ఇవ్వడం వాళ్ళ పద్ధతి.

కరెంటు సామాను

పాత ఫోన్లు, బ్యాటరీలు చెత్తబుట్టలో వేయకండి, నలిగితే నిప్పంటుకోవచ్చు. ఫోన్ ఇచ్చేముందు అందులో ఫొటోలు, నంబర్లు తీసేయడం మరవద్దు. డొక్కు టీవీల గాజులో సీసం, ట్యూబులైట్లలో పాదరసం ఉంటాయి. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం ఇలాంటివి సరిగా రీసైక్లింగ్ చేయించే బాధ్యత తయారుచేసిన కంపెనీలదే. కొత్తది కొనేటప్పుడు పాతది తీసుకుంటారా అని కొట్టులో అడగండి.

ఇక భోగిమంట! కర్రముక్కలూ పిడకలూ వేయండి గానీ ప్లాస్టిక్ కుర్చీలు, టైర్లు, రబ్బరు చెప్పులు వద్దు. ఆ పొగ పీల్చేది మన పిల్లలే.

చివరగా ఒక్కమాట. గుండిగ పోయాక, మిగిలిన ఇత్తడి బిందె ఒకటి నేనే కూర్చుని తోమాను. అంచు మీద అత్తగారి పేరు, కింద పెళ్ళినాటి సంవత్సరం కనబడ్డాయి. పసుపు రాసి, బొట్టు పెట్టి, మా ఆడపడుచు ఇంటికి స్వయంగా తీసుకెళ్ళాను. దేవుడి గదిలో పెట్టుకుంది. "గుండిగ సంగతి ఇంక మర్చిపో వదినా" అంది.

తను మర్చిపోయిందేమో గానీ, నేను మర్చిపోలేదు. మీకలా జరక్కూడదనే ఇదంతా రాశాను.