ఠాణా గోడపై పేర్లు

రాత్రి ఎనిమిది గంటలైనది. మిర్యాలగూడ బియ్యపు మిల్లునుండి ఆరింటికే రావలసిన మనిషి ఇల్లు చేరలేదు. పక్క వీధివారెవరో వచ్చి, "పోలీసులు జీపులో తీసుకపోయిన్రు, ఠాణాల కూసోబెట్టిన్రట" అని చెప్పి వెళ్ళినారు. ఏ ఠాణా? ఏ నేరము? అరెస్టా, ఉత్త విచారణయా? ఇంటిలోని తల్లికి తెలియదు, భార్యకు తెలియదు. తెలిసిన పెద్దమనిషి వాకిటికి పరుగెత్తుట, ఆయన ఎవరికో ఫోను చేయుట, తెల్లవారువరకు అరుగుమీద కూర్చుండుట - ఇదియే మనవారికి అలవాటైన మార్గము.

ఈ కుటుంబము మేము కల్పించినదే. కాని ఇట్టి రాత్రి మన సీమకు కొత్తది కాదు. 1946 నుండి 1951 వరకు సాగిన సాయుధ పోరాట కాలమున సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ తాలూకాల పల్లెలలో వేలాదిమంది నిర్బంధింపబడినారు. తీసుకొనిపోయిన మనిషి ఏ శిబిరమున ఉన్నాడో, అసలు ఉన్నాడో లేడో తెలియక కుమిలిన కుటుంబములెన్నో. నాడు అడుగుటకు చోటు లేదు. నేడు ఉన్నది. ఆ చోటు ఏదో చెప్పుటయే ఈ ప్రసంగముయొక్క ఉద్దేశము.

మేము చెప్పదలచిన ముఖ్య విషయము ఒక్కటే. అరెస్టు వివరము పోలీసు అధికారి దయదలచి చెప్పు రహస్యము కాదు. వ్రాయవలసినది, తెలుపవలసినది, నలుగురికి కనబడునట్లు ప్రదర్శింపవలసినది అని చట్టమే శాసించినది.

ఈ శాసనము ఊరక వచ్చినది కాదు. పశ్చిమ బెంగాలులో న్యాయసహాయ సంస్థకు అధ్యక్షుడుగా ఉండిన డి.కె. బసు, పోలీసు నిర్బంధములో మరణములను గూర్చిన పత్రికావార్తలు చూచి కలతచెంది, 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఒక లేఖ వ్రాసినారు. ఆ లేఖనే న్యాయస్థానము పిటిషనుగా స్వీకరించి, 1996 డిసెంబరు 18న తీర్పు చెప్పినది. అందులో పదకొండు నియమములు విధించినది. అరెస్టు చేయు అధికారి తన పేరు, హోదా తెలుపు గుర్తింపును ధరింపవలెను. అరెస్టు పత్రమును అక్కడనే వ్రాసి, కుటుంబసభ్యునిచేత గాని ఊరి పెద్దమనిషిచేత గాని సాక్షి సంతకము చేయింపవలెను. అరెస్టు సంగతిని పన్నెండు గంటలలోగా జిల్లా కంట్రోలు రూముకు తెలిపి, అక్కడి నోటీసు బోర్డుపై పెట్టవలెను. పొరుగు జిల్లాలో ఉన్న బంధువులకు తంతి ద్వారా కబురు పంపవలెనని కూడ అందులో ఉన్నది. తంతి సేవ 2013 జూలైలో మూతబడినది గాని, కబురు పంపవలసిన బాధ్యత మూతబడలేదు.

తరువాత 2008లో పార్లమెంటు ఈ నియమములలో కొన్నింటిని క్రిమినల్ ప్రొసీజరు కోడులో చేర్చినది. అవి 2010 నవంబరు 1నుండి అమలులోనికి వచ్చినవి. ఆ కోడు స్థానమున 2024 జూలై 1నుండి భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చినది. దాని 37వ సెక్షను మన విషయమునకు మూలస్తంభము. ప్రతి జిల్లాలోను, ప్రతి ఠాణాలోను అసిస్టెంటు సబ్‌ఇన్‌స్పెక్టరుకు తక్కువ కాని ఒక అధికారిని ఇందుకై నియమింపవలెను. అరెస్టయినవారి పేర్లు, చిరునామాలు, మోపబడిన నేరముయొక్క స్వభావము ఆయన భద్రపరచవలెను. ఆ వివరములను ప్రతి ఠాణాలోను, జిల్లా కేంద్రములోను స్పష్టముగా కనబడునట్లు ప్రదర్శింపవలెను. పూర్వచట్టములో జిల్లా కంట్రోలు రూము బోర్డు మాత్రమే ఉండెడిది. ఇప్పుడు ఠాణా గోడ కూడ చేరినది. 48వ సెక్షను ప్రకారము, అరెస్టయిన వ్యక్తి కోరిన బంధువునకో స్నేహితునికో సంగతి తెలుపవలెను. ఎవరికి తెలిపినదీ ఠాణాలోని పుస్తకములో వ్రాయవలెను. ఈ విధి నెరవేరినదా లేదా అని మేజిస్ట్రేటు చూడవలెను.

ఇక మన మూడు పట్టణముల సంగతి. ఇక్కడ ఒక తిరకాసు ఉన్నది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడును ఒకప్పుడు నల్లగొండ జిల్లాలోనివే. 2016 అక్టోబరు 11న సూర్యాపేట వేరు జిల్లా అయినది. కోదాడ దానిలో చేరినది. మిర్యాలగూడ నల్లగొండలోనే నిలిచినది. కావున కోదాడవాసి అరెస్టయిన సంగతి జిల్లా స్థాయిలో తెలియవలసినది సూర్యాపేటలో. మిర్యాలగూడ వాసి సంగతి నల్లగొండలో. పాత అలవాటుకొలది అందరును నల్లగొండకు బస్సెక్కినచో ఒక పూట వృథా అగును. అట్లే ఒక్కొక్క పట్టణములో ఒకటికంటె ఎక్కువ ఠాణాలున్నవి. మిర్యాలగూడలో ఒకటవ పట్టణ, రెండవ పట్టణ, గ్రామీణ ఠాణాలు వేరువేరు. రైలులో పట్టుబడినవారి లెక్క రైల్వే పోలీసులయొద్ద, సారా కేసుల లెక్క ఎక్సైజు వారియొద్ద ఉండును. ఒక ఠాణాలో "మా దగ్గర లేడు" అన్నంతమాత్రమున మనిషి ఎక్కడను లేడని అర్థము కాదు.

కోదాడకు మరియొక చిక్కు. 2014 జూన్ 2నుండి అది రాష్ట్రపు సరిహద్దు పట్టణము. జాతీయ రహదారిపై కొంతదూరము పోగానే ఆంధ్రప్రదేశ్ వచ్చును. జగ్గయ్యపేట పోలీసులు అరెస్టు చేసినచో ఆ లెక్క అక్కడి ఠాణాలోను, ఎన్.టి.ఆర్. జిల్లా కేంద్రమైన విజయవాడలోను వెదకవలెను. చట్టము మాత్రము గట్టుకు ఇవతలను అవతలను ఒక్కటే.

అడుగవలసిన క్రమము ఇది. మొదట ఠాణా బోర్డు చూడవలెను. అరెస్టు వివరములు చూచు అధికారి ఎవరని అడుగవలెను. తరువాత జిల్లా కంట్రోలు రూము. ఎఫ్.ఐ.ఆర్. అనబడు ప్రథమ సమాచార నివేదికను, 2016 సెప్టెంబరు 7నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారము, నమోదైన ఇరువదినాలుగు గంటలలో పోలీసుల వెబ్‌సైటులో ఉంచవలెను. ఇబ్బంది ఉన్నచోట గరిష్ఠముగా డెబ్బదిరెండు గంటలు. స్త్రీలపై అత్యాచారములు, పిల్లలపై లైంగిక నేరములు, ఉగ్రవాదము వంటి సున్నితమైన కేసులకు మినహాయింపు కలదు.

మూడవ చోటు న్యాయస్థానము. రాజ్యాంగములోని 22వ అధికరణము ప్రకారము, ప్రయాణకాలమును మినహాయించి ఇరువదినాలుగు గంటలలోగా అరెస్టయిన మనిషిని మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెను. ఈ మూడు పట్టణములలోను కోర్టులున్నవి. రిమాండు అయినచో ఆ కాగితములు అక్కడ ఉండును; వకీలు ద్వారా నకళ్ళు పొందవచ్చును. వకీలును పెట్టుకొను శక్తి లేనివారు 15100 నంబరుకు ఫోను చేసినచో న్యాయసేవా సంస్థ సహాయము లభించును. నిర్బంధములో ఉన్నవానికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము పొందు హక్కును 1987నాటి చట్టమే ఇచ్చినది.

నాలుగవది సమాచార హక్కు చట్టము. సాధారణముగా జవాబునకు ముప్పది దినముల గడువు. కాని ఒక మనిషి ప్రాణమునకు గాని స్వేచ్ఛకు గాని సంబంధించిన సమాచారమైనచో నలువదెనిమిది గంటలలో ఇవ్వవలెనని 2005నాటి ఆ చట్టపు 7వ సెక్షను చెప్పుచున్నది. దరఖాస్తులో ఆ మాట స్పష్టముగా వ్రాయుట మరువరాదు. దర్యాప్తునకు ఆటంకమగు సమాచారమును నిరాకరింపవచ్చును. అయినను మనిషి తమ నిర్బంధములో ఉన్నాడా అను ప్రశ్న అట్టిది కాదని మా అభిప్రాయము.

ఇంతకును "కూర్చోబెట్టుట" అను మాటను గూర్చి ఆలోచింపవలెను. చట్టపుస్తకమునందు ఈ మాట లేదు. ఏడేండ్ల లోపు శిక్ష పడదగిన నేరములలో వెంటనే అరెస్టు చేయక, హాజరు కమ్మని వ్రాతమూలకముగా నోటీసు ఇచ్చుట సాధారణ పద్ధతి. నోటీసు అయినచో కాగితము ఉండును. అరెస్టు అయినచో అరెస్టు పత్రము ఉండును. అరెస్టునకు కారణములను ఆ మనిషికి అర్థమగు భాషలో వ్రాసి ఇవ్వవలెనని 2025 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఏ కాగితమును లేకుండ మనిషిని రాత్రియంతయు ఠాణాలో ఉంచుట ఈ రెండింటిలో ఏదియు కాదు. అందుచేతనే ఇంటివారు మర్యాదగా అడుగవలసిన మొదటి ప్రశ్న "ఎప్పుడు విడుతురు?" అనునది కాదు, "అరెస్టా, నోటీసా? కాగితము చూపుడు" అనునది.

కాగితమునకింత విలువ ఎందుకు? 2021 జూన్‌లో మన పొరుగు జిల్లా యాదాద్రి భువనగిరిలోని అడ్డగూడూరు ఠాణాలో, దొంగతనము ఆరోపణపై తీసుకొనిపోబడిన ఒక దళిత స్త్రీ పోలీసు నిర్బంధములో మరణించినది. హైకోర్టు న్యాయవిచారణకు ఆదేశించినది; సబ్‌ఇన్‌స్పెక్టరును, ఇద్దరు కానిస్టేబుళ్ళను ప్రభుత్వము ఉద్యోగములనుండి తొలగించినది. పోయిన ప్రాణమును ఏ ఉత్తరువును తిరిగి తేలేదు. ఎప్పుడు తెచ్చినారు, ఎవరు తెచ్చినారు, ఎవరికి తెలిపినారు అనునవి సకాలములో వ్రాయబడి నలుగురి కంటబడినచో చేయి చేసికొనువాడు జంకును. నియమము పాటించు మంచి అధికారికి కూడ ఆ వ్రాతయే రక్ష. 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు ఠాణాలన్నింటను కెమెరాలు పెట్టవలెనని ఆదేశించుటకు కారణము కూడ ఇదియే.

అడిగినను జవాబు రానిచో పై అధికారి అయిన జిల్లా సూపరింటెండెంటుకు వ్రాయవలెను. ఒక ప్రతిని, తేదీతో ముద్ర వేయించుకొని, దగ్గర ఉంచుకొనవలెను. అప్పటికిని మనిషి జాడ తెలియనిచో హైకోర్టులో హెబియస్ కార్పస్ దరఖాస్తు వేయవచ్చును. "ఆ మనిషిని తెచ్చి చూపుడు" అని ప్రభుత్వమును ఆదేశించు అధికారము ఆ కోర్టునకు కలదు. భార్యయే వేయనక్కరలేదు, అన్నయో, స్నేహితుడో వేయవచ్చును.

ఇంతవరకు హక్కును గూర్చి చెప్పితిమి. దాని హద్దును గూర్చి కూడ ఒక మాట చెప్పకున్న ప్రసంగము సగమే అగును. అరెస్టయినవాడు నేరము చేసినవాడని అర్థము కాదు. గోడపై పేరు చూచి పెండ్లి సంబంధము తప్పించుట, కిరాయి ఇల్లు ఖాళీ చేయించుట, ఫోనులో ఫొటో తీసి ఊరంతకు పంపుట న్యాయము కాదు. అమెరికాలో అనేక చోట్ల అరెస్టయినవారి ఫొటోలు కూడ బహిరంగముగా దొరకును. వాటిని అచ్చువేసి, తొలగించుటకు డబ్బు అడుగు వ్యాపారములు పుట్టగా, కొన్ని రాష్ట్రములు వాటిని అరికట్టుటకు చట్టములు చేయవలసి వచ్చినది. ఇంగ్లండులో పోలీసులు, అభియోగము మోపువరకు, సాధారణముగా పేరు బయటపెట్టరు. మన పద్ధతి ఈ రెండింటికి నడుమ ఉన్నది. పదునెనిమిదేండ్లు నిండని పిల్లల పేర్లు, అత్యాచారమునకు గురియైనవారి గుర్తింపు ప్రకటించుట మన చట్టములో నేరము. ఒకని పాత కేసులన్నింటిని ఇంకొకడు అడిగి తీసుకొనుటకు ఈ బోర్డు సాధనము కాదు.

బోర్డు ఉన్నది వేడుక చూచుటకు కాదు, వెదకుచున్న తల్లికి జవాబు చెప్పుటకు. ఈసారి ఠాణా ముందుగా పోవునప్పుడు ఆ బోర్డు ఎక్కడ ఉన్నదో, నేటి తేదీ ఉన్నదో లేదో ఒక్కసారి చూడుడు. ఆపద లేనినాడు తెలిసికొన్న దారియే ఆపదనాడు అక్కరకు వచ్చును.