గొంతులోని కావలివారు

పలాసలోనైనా టెక్కలిలోనైనా బిడ్డకు గొంతు వాచిందంటే తల్లులు అడిగేది ఒకటే: “అయ్యగారూ, టాన్సిల్స్ తీయించేయమంటారా?”

తొందరపడకండి. కొండనాలుకకు అటూ ఇటూ ఉన్న ఆ ముద్దల్లో లోతైన గుంటలున్నాయి. వాటి లోపలి పొర మన ఉద్దానం జాలరుల వలలా సందులు సందులుగా ఉంటుంది. ఆ సందుల నిండా తెల్ల రక్తకణాలే. ఎం కణాలు క్రిమిని పట్టి లోపలికి అందిస్తాయి, టి కణాలు ఆనవాలు పడతాయి, బి కణాలు విరుగుడుగా ప్రతిరక్షకాలు తయారుచేస్తాయి. 3 నుంచి 10 ఏళ్ల మధ్య ఈ పని ముమ్మరం. అప్పుడవి కాస్త పెద్దవిగా కనబడినంత మాత్రాన జబ్బు కాదు.

ఏడాదిలో 7 సార్లు జ్వరంతో గొంతునొప్పి వచ్చినా, నిద్రలో ఊపిరి ఆగుతున్నా డాక్టరు తీయమనవచ్చు. భయమక్కర్లేదు, నాలుక మొదట్లో, ముక్కు వెనుక ఇలాంటి కావలి కణాలు ఇంకా ఉన్నాయి. నా భయమల్లా జ్వరం తగ్గగానే మందు మానేసేవారిని గురించే. స్ట్రెప్టోకాకస్ క్రిమి మిగిలిపోతే కీళ్లవాత జ్వరం వచ్చి గుండె కవాటాలు చెడవచ్చు.