తండ్రి ఉండీ యతీంలైన పిల్లలు

ఒక ఇంటి పెద్ద చనిపోతే మన వీధి వీధంతా జనాజాకు కదులుతుంది. మూడు రోజులు ఆ ఇంటికి భోజనాలు వెళ్తాయి. రంజాన్ నాటికి ఆ పిల్లల పేర్లు యతీంల జాబితాలో చేరతాయి. అదే ఇంటి పెద్దను పోలీసులు తీసుకెళ్తే ఎవరూ ఆ గడప తొక్కరు. రెండు ఇళ్లలోనూ సంపాదన ఒక్కరోజులో ఆగిపోయింది. కానీ రెండో ఇంటి పిల్లలకు తండ్రి బతికే ఉన్నాడు కనుక మన జాబితాలో వారికి చోటు లేదు. ఆ పిల్లలకు మనం ఏం చేయవచ్చో ఈ వ్యాసంలో చూద్దాం.

బిడ్డది ఏ నేరం?

జైల్లో ఉన్నవారందరూ నేరం రుజువైనవారు కారు. 2022 జాతీయ గణాంకాల ప్రకారం దేశంలోని ప్రతి నలుగురు ఖైదీలలో ముగ్గురు విచారణ ఖైదీలే. కోర్టు తీర్పు రాకముందే మన వీధి తీర్పు చెప్పేస్తుంది. ఒకవేళ నేరం రుజువైనా, ఒకరి పాపభారాన్ని మరొకరు మోయరన్నది ఖుర్ఆన్ బోధన. దహ్ర్ సూరాలో పేదలు, అనాథలతో పాటు ఖైదీకి అన్నం పెట్టేవారి ప్రస్తావన ఉంది. ఖైదీకే అన్నం పెట్టాలన్నప్పుడు, ఖైదీ బిడ్డ విషయంలో సందేహం ఎందుకు?

బడిలో కనిపించే గుర్తులు

ఉపాధ్యాయులుగా మాకు మొదట కనిపించేది హాజరు పట్టీలో ఖాళీలు. ఆ తర్వాత మౌనం, లేదా అకారణమైన కోపం. చాలా ఇళ్లలో పిల్లలకు ‘అబ్బా సౌదీ వెళ్లారు’ అని చెబుతారు. ఆ అబద్ధం ఎక్కువ రోజులు నిలవదు. ఆటల మధ్య తోటిపిల్లవాడు అసలు మాట అనేస్తాడు. అప్పుడు బిడ్డకు ఇంట్లోవారి మీద కూడా నమ్మకం పోతుంది. వయసుకు తగిన మాటల్లో నిజం తల్లే చెప్పడం మేలు. ఇందులో నీ తప్పేమీ లేదు, నిన్ను చూసుకోవడానికి మేమున్నాం అన్న రెండు మాటలు దానితో పాటు తప్పక చెప్పాలి.

తరగతిలో అందరి ముందు ‘మీ నాన్న ఏం చేస్తాడు?’ అని అడగకుండా ఉండటం మా వంతు. కాగితాల మీద తల్లి సంతకం తీసుకోవచ్చు. కుటుంబం అమ్మమ్మగారి ఊరికి మారితే, టీసీ ఆలస్యమైందన్న కారణంతో ప్రవేశం నిరాకరించకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. ఎందుకంటే అసలు ప్రమాదం బడి మానడంలోనే ఉంది. పెద్దకొడుకు మెకానిక్ షెడ్డుకు వెళ్తాడు, కూతురికి తొందరపడి నిఖా మాటలు మొదలవుతాయి. తండ్రి తిరిగి వచ్చినా ఆ చదువు తిరిగి రాదు.

చట్టం ఇచ్చిన ఆసరా

నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగాలి, లేదా 15100కు ఫోన్ చేయాలి. బెయిల్ వచ్చినా డబ్బు కట్టలేక లోపలే ఉండిపోయే పేద విచారణ ఖైదీలకు 2023లో కేంద్రం ఒక పథకం తెచ్చింది. అర్హులైనవారికి ఆర్థిక సాయం అందుతుంది.

పిల్లలకు ‘మిషన్ వాత్సల్య’ స్పాన్సర్‌షిప్ ఉంది. అర్హత తేలితే నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. జిల్లా బాలల పరిరక్షణ యూనిట్‌లో దరఖాస్తు చేయాలి. అధికారుల దగ్గరికి వెళ్తే పిల్లలను హోముకు పంపేస్తారని తల్లులు భయపడతారు. బిడ్డ సొంత ఇంట్లోనే ఉండి చదువుకోవాలన్నదే ఈ సాయం ఉద్దేశమని వారికి నచ్చజెప్పాలి. బిడ్డ ఆపదలో ఉంటే 1098కు ఫోన్ చేయవచ్చు.

తల్లే జైల్లో ఉంటే, ఆరేళ్ల లోపు బిడ్డ ఆమె దగ్గర ఉండవచ్చు. ఆర్.డి. ఉపాధ్యాయ్, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం మధ్య నడిచిన కేసులో 2006లో సుప్రీంకోర్టు ఇందుకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ బిడ్డను ఖైదీగా చూడకూడదు. జైలులో పుట్టినా జనన ధృవపత్రంలో జైలు పేరు రాయకూడదు. ఆరేళ్లు నిండాక తల్లి కోరినవారికి అప్పగించవచ్చు. అప్పుడు అమ్మమ్మో, పిన్నమ్మో ముందుకు రావాలంటే వారి వెనుక మనం నిలబడాలి.

మనం చేయదగ్గ పనులు

మొదటి నెల సరుకులు చడీచప్పుడు లేకుండా ఇంటికి చేరాలి. వేదిక మీద పంపిణీ వద్దు, ఫొటోలు వద్దు, కేసు వివరాలు అడగవద్దు. ఫీజు బడికే నేరుగా కట్టాలి. ములాఖత్‌కు బస్సు ఖర్చులు ఇవ్వాలి, తల్లికి తోడుగా ఒక పెద్ద వయసు స్త్రీని పంపాలి. లాయరు, కోర్టు వాయిదాలు చూసుకునే బాధ్యత చదువుకున్న ఒక యువకుడు తీసుకోవాలి. విడుదలై వచ్చినవారికి పని చూపించాలి. పని దొరికితేనే ఆ ఇల్లు మళ్లీ నిలబడుతుంది.

పేదరికంలో పడిన ఇంటికి జకాత్ నుంచి ఎంత ఇవ్వవచ్చో ఉలమాను అడిగి తెలుసుకుందాం, మిగిలినది సదఖాతో నింపుదాం. ప్రతి మహల్లాలో జాబితా రాసే సోదరులను మేము కోరేది ఒక్కటే. ‘తండ్రి లేడు’ అన్న గడి పక్కన ‘తండ్రి ఇంట్లో లేడు’ అని మరో గడి గీయండి. కారణం రాయనక్కర లేదు.