టైరులలో నత్రజని పట్టించుట తగునా?



మేడ్చల్ మీదుగ నాగపురమునకు పోవు 44వ జాతీయ రహదారి వెంటను, షామీర్‌పేట మీదుగ కరీంనగరమునకు పోవు రాజీవ్ రహదారి వెంటను ప్రయాణము చేయువారు పెట్రోలు బంకులలో “నైట్రోజన్ గాలి” యను ఫలకములను చూచియే యుందురు. పట్నములో ఉద్యోగము చేయు కొడుకో అల్లుడో కారు కొని యింటికి తెచ్చినపుడు ఈ ప్రశ్న మన యరుగు మీదికిని వచ్చును. మామూలు గాలి ఊరకయే దొరకుచుండగా, చక్రమునకింత యని రూకలిచ్చి ఈ గాలి పట్టించుట తగునా? నేనును రూకలిచ్చి పట్టించినవాడనే. దానివలన నేర్చుకొన్న బుద్ధిని మీకు మనవి చేసెదను.

ముందుగ నత్రజని యన నేమో తెలిసికొందము. దీనిని 1772లో డేనియల్ రూథర్‌ఫర్డు అను స్కాట్లాండు దేశపు వైద్యుడు గుర్తించెను. ఇది ఎచ్చటినుండియో తెచ్చిన అపూర్వవస్తువు కాదు. మనము పీల్చు గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనియే. 21 పాళ్లు ప్రాణవాయువు. తక్కిన ఒక్క పాలు ఇతర వాయువులు. బంకులోని యంత్రము బయటి గాలినే లోనికి లాగి, అందలి ప్రాణవాయువును తేమను చాలవరకు వేరు చేసి, మిగిలిన నత్రజనిని టైరులోనికి ఎక్కించును. కావున మామూలు గాలి పట్టించినవాడును మూడు వంతులకు పైగా నత్రజనినే పట్టించుచున్నాడు.

అట్లయిన దీనికి గుణమే లేదా? కలదు. మట్టికుండ నుండి నీరు చెమర్చునట్లు రబ్బరు గుండ వాయువులు మెల్లగా బయటికి పోవుచుండును. ప్రాణవాయువు కొంత త్వరగాను, నత్రజని కొంత ఆలస్యముగాను పోవును. ఈ భేద మెంతయో అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ అను వినియోగదారుల పత్రికవారు పరీక్షించి 2007లో ప్రకటించిరి. వారు 31 రకముల టైరులను జతలుగా తీసికొని, ఒకదానిలో గాలిని, ఒకదానిలో నత్రజనిని చదరపు అంగుళమునకు 30 పౌనుల ఒత్తిడితో నింపి, ఏడాదిపాటు ఆరుబయట నుంచిరి. గాలి టైరులలో సగటున 3.5 పౌనులు, నత్రజని టైరులలో 2.2 పౌనులు తగ్గెను. అనగా ఏడాదికి భేదము ఒక పౌనుకు కొంచెము మించినది. నత్రజని నింపినను ఒత్తిడి తగ్గక మానలేదని గమనింపుడు.

ఎండకు నత్రజని ఉబ్బదని కొందరందురు. ఇది సరికాదు. వేడి సుమారు 5, 6 డిగ్రీలు హెచ్చినచో కారు టైరులో ఒత్తిడి ఒక పౌను హెచ్చును. పొడిగాలికిని నత్రజనికిని ఇది సమానమే. ప్రాణవాయువు రబ్బరును లోపలినుండి పాడుచేయుననుట నిజమే గాని, అది యేండ్ల తరబడి జరుగు పని. టైరు వెలుపలి ముఖమంతయు గాలిలోనే యుండును గదా!

షామీర్‌పేట త్రోవలోని హకీంపేట విమానస్థావరము మీద విమానములు దిగుట మనము చూచుచున్నాము. విమానపు చక్రములకు నత్రజనియే వాడుదురు. దానికి హేతువు కలదు. 1986 మార్చి 31వ తేదీన మెక్సికో దేశమున ఒక ప్రయాణికుల విమానపు బ్రేకు మిక్కిలి వేడెక్కి, మామూలు గాలి నింపిన టైరు ఆకాశములోనే ప్రేలెను. విమానము కూలి 167 మంది మరణించిరి. మరుసటి యేట అమెరికా విమానయానాధికారులు పెద్ద విమానముల బ్రేకు చక్రములలో నత్రజనియే నింపవలెనని ఆజ్ఞాపించిరి. కాని విమానపు బ్రేకులకు కలుగు వేడి మన కారు చక్రమునకు కలుగదు. అచ్చటి యవసరము వేరు, మన యవసరము వేరు.

ఇక నా సంగతి. మా తమ్ముని కూతురి పెండ్లికి మేడ్చల్ నుండి సిద్దిపేటకు సకుటుంబముగ బయలుదేరితిమి. నాలుగు చక్రములలోను నత్రజని పట్టించి అయిదారు మాసములైనది. నత్రజని యున్నది గదా యని అటుపిమ్మట ఒత్తిడి చూపింపలేదు. షామీర్‌పేటలో టీ త్రాగుటకు ఆగినపుడు పంక్చరు దుకాణపు ముసలివాడు కారును చూచి, “సారూ, ఎనుక టైర్ల గాలి తక్కువున్నది, కొట్టాల్నా?” అనెను. కొట్టుటకు మా పెద్దవాడు సిద్ధమే. నేనే, “నత్రజనిలో మామూలు గాలి కలిపిన చెడును, సిద్దిపేటలో చూతము” అని వారించితిని. ప్రజ్ఞాపూర్ దాటిన పిదప ఆ టైరు పగిలెను. కారు ఊగులాడి దారి ప్రక్కకు పోయి ఆగెను. వెనుక లారీ లేకుండుటచేత నా మనుమలు నాకు దక్కిరి.

తప్పు నత్రజనిది కాదు, ముసలివానిదియు కాదు. తప్పు నాది. గాలి తక్కువైన టైరు ప్రక్కలు బరువునకు వంగును. చక్రము కిలోమీటరునకు అయిదు వందల మార్లకు పైగా తిరుగును. తిరిగినప్పుడెల్ల ఆ ప్రక్కలు వంగి లేచుటచే వేడి పుట్టి, రబ్బరు లోపలి దారములనుండి విడిపోయి, తుదకు పగులును. నత్రజనిలో మామూలు గాలి కలిపినచో టైరునకు హాని యేమియు లేదు. ఆ కొంచెపు లాభము కొంత తగ్గును, అంతే.

కావున నా మనవి యిది. నత్రజని ఊరక దొరికిన పట్టింపవచ్చును. రూకలిచ్చి పట్టింప నక్కరలేదు. ఏ గాలి యైనను నెలకొకమారును, దూరప్రయాణమునకు ముందును, టైరు చల్లగా నున్నప్పుడు ఒత్తిడి చూపింపుడు. ఎంత యుండవలెనో కారు నడుపువాని తలుపు దగ్గరి చీటీపై వ్రాసియుండును. ఐదవ చక్రమును మరువకుడు. వాల్వు మూత లేనిచో పెట్టింపుడు. బండి కట్టుటకు ముందు ఇరుసున కందెన చూచుకొను అలవాటు మనకు తాతలనాటిది. ఆ చూపునే పిల్లల కారు చక్రములపై నిలుపుడు. పిల్లలు బయలుదేరునపుడు “గాలి చూపించితివా?” అని యొక్క మాట అడుగుడు.

సెలవు.